లింకన్ వకీలుగా ఏ కేసులు చేశారు? శాసనసభకు ఎలా వెళ్లారు?

ప్రశ్న: పల్నాడు_జూనియర్

అందరికీ నమస్కారం. నరసరావుపేట సివిల్ కోర్టులో ప్రాక్టీసు మొదలుపెట్టి పద్నాలుగు నెలలైంది. మా దగ్గర నెలకోసారి జూనియర్లలో ఒకరు ఎవరో ఒక న్యాయవాది జీవితం గురించి అరగంట మాట్లాడాలి. వచ్చే శనివారం నా వంతు. అబ్రహాం లింకన్ అని పేరు ఇచ్చేశాను. ఇప్పుడు టెన్షన్ పట్టుకుంది.

తెలుగులో నాకు దొరికినవన్నీ చదివాను. కర్రల గుడిసెలో పుట్టడం, పొయ్యి వెలుగులో చదువుకోవడం, ఎన్నికల్లో ఓడిపోవడం, మళ్లీ ఓడిపోవడం, ఆఖరికి అధ్యక్షుడు కావడం. అన్నిట్లో ఇదే. మధ్యలో ఇరవై ఏళ్లకు పైగా ఆయన వకీలు కదా, ఆ ఇరవై ఏళ్ల గురించి ఒక్క పేజీ కూడా దొరకలేదు. మా హాల్లో కూర్చునేవాళ్లంతా వకీళ్లే. వాళ్లు గుడిసె గురించి అడగరు. సీనియర్ ఎవరు, ఎలాంటి కేసులు, ఫీజు ఎంత, కోర్టు ఎక్కడ, అక్కణ్ణుంచి శాసనసభకు ఎలా వెళ్లాడు అని అడుగుతారు.

ఇంకో మాట. నా దగ్గరున్న కేసు కట్టల్లో ఎక్కువ భాగం ప్రామిసరీ నోటు దావాలే. సీనియర్ గారు వాయిదాలకు నన్నే పంపుతారు. లా చదివేటప్పుడు అనుకున్నది వేరు, ఇప్పుడు చేస్తున్నది వేరు. లింకన్ మొదట్లో ఎలా ఉండేవారో నాకోసం కూడా తెలుసుకోవాలని ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు: రోజుకో_స్ఫూర్తి

తమ్ముడూ, ఇది చాలు, ఇదే చదివెయ్. 1831లో వ్యాపారంలో నష్టం. 1832లో ఎన్నికల్లో ఓటమి. 1833లో మళ్లీ వ్యాపారంలో నష్టం. 1836లో మనోవ్యాధి. 1843లో కాంగ్రెస్ టికెట్ రాలేదు. 1848లో మళ్లీ ఓటమి. 1855లో సెనేట్ ఓటమి. 1858లో సెనేట్ ఓటమి. 1860లో అమెరికా అధ్యక్షుడు! చివర్లో, కొడుకు టీచరుకు ఆయన రాసిన ఉత్తరం చదువు, హాలంతా చప్పట్లు మోగుతాయి.

జవాబు: తణుకు_వకీలు

బాబూ, ఆ ఉత్తరం దయచేసి చదవకండి. లింకన్ రాసిన ఉత్తరాలు, ఉపన్యాసాలు, చిత్తు కాగితాలు సైతం సేకరించి అచ్చు వేశారు. వాటిలో అది లేదు. వకీళ్ల ముందు నిలబడి లేని దస్తావేజు చూపించకూడదు.

ముందు నేనెవరో చెప్తాను. తణుకు కోర్టులో పదకొండేళ్లు ప్రాక్టీసు చేశాను. మావారి ఉద్యోగం వల్ల ఇల్లినాయ్ రాష్ట్రంలోని బ్లూమింగ్టన్‌కు వచ్చాం. ఇక్కడ ఇన్సూరెన్స్ కంపెనీల ఐటీ ఉద్యోగాల్లో మనవాళ్లు చాలామంది ఉన్నారు. వచ్చిన మొదటి ఏడాది చలికి ఇల్లు కదల్లేదు. వేసవి రాగానే ఊరు చూద్దామని బయల్దేరితే, ఏ మూల చూసినా లింకన్ ఇక్కడ వాదించారు, ఇక్కడ బస చేశారు అని పలకలు. ఇది ఆయన సర్క్యూట్‌లో, అంటే జడ్జీ వకీళ్లూ ఊరూరా తిరిగి కోర్టు నడిపే పరిధిలో ఊరు. నల్లకోటు తీసి బీరువాలో పెట్టి వచ్చినదాన్ని కదా, ఆ పలకల దగ్గర చాలాసేపు నిలబడిపోయాను. అప్పటి నుంచి దొరికినవన్నీ చదువుతున్నాను.

పైన పెట్టిన జాబితా సంగతి. అందులో ఓటములు కొన్ని నిజమే. కానీ గెలుపులన్నీ తీసేశారు. 1834, 1836, 1838, 1840, వరసగా నాలుగుసార్లు ఆయన ఇల్లినాయ్ శాసనసభకు గెలిచారు. అవి జాబితాలో ఉండవు. 1832లో ఓడిన మాట నిజం, కానీ సొంత ఊరు న్యూ సేలం పోలింగ్ కేంద్రంలో, చుట్టుపక్కల వాళ్లతో కలిపి పడిన 300 ఓట్లలో 277 ఆయనకే పడ్డాయి. 1848లో ఓడిపోలేదు, పోటీయే చేయలేదు. ఆ సీటు ఒకరి తర్వాత ఒకరికని వాళ్ల పార్టీలో ముందే మాట ఉంది.

మీ ప్రశ్నలో ఒక చిన్న సవరణ. ఆయన వకీలయ్యాక శాసనసభకు వెళ్లలేదు. ముందు శాసనసభ్యుడు, తర్వాత వకీలు. 1834లో గెలిచేనాటికి వయసు 25, పట్టా లేదు. బడికి వెళ్లిన రోజులన్నీ కలిపినా ఏడాది కాదని ఆయనే రాసుకున్నారు. అప్పటికి పోస్టుమాస్టరు పని చేసేవారు, సర్వేయరుకు సహాయకుడిగా పొలాలు కొలిచేవారు. గెలిచాక రాజధానికి వెళ్లడానికి మంచి బట్టలు లేవు. ఊళ్లో ఒక రైతు దగ్గర 200 డాలర్లు అప్పు చేసి, అందులో 60 పెట్టి సూటు కుట్టించుకున్నారు.

మీరు నోటు దావాల గురించి రాశారు కాబట్టి ఇది ముఖ్యంగా చెప్పాలి. లింకన్ నోటు దావాను మొదట చూసింది వకీలుగా కాదు, ప్రతివాదిగా! న్యూ సేలంలో ఇంకొకరితో కలిసి కొట్టు పెట్టారు. సరుకంతా నోట్ల మీద తెచ్చిందే. కొట్టు మూతపడింది. భాగస్వామి 1835లో చనిపోయారు. ఆ వాటా బాకీ కూడా ఈయన నెత్తిన పడింది. మొత్తం 1,100 డాలర్ల దాకా. దాన్ని ‘జాతీయ రుణం’ అనేవారట. ఒక నోటుదారు దావా వేసి డిక్రీ తెచ్చుకుంటే గుర్రం, జీను, సర్వే పనిముట్లు జప్తయి వేలానికి వచ్చాయి. ఆ పనిముట్లు పోతే కూడు పోయినట్టే. జేమ్స్ షార్ట్ అనే పొరుగు రైతు వేలంలో పాడుకొని, వాటిని తిరిగి ఆయన చేతికే ఇచ్చేశారు. మిగతా బాకీ తీర్చడానికి చాలా ఏళ్లు పట్టింది, కానీ మొత్తం తీర్చారు.

ఈపీలో, అంటే డిక్రీ అమలు పిటిషన్‌లో, జప్తుకు కోర్టు అమీనా ఇంటి ముందుకు వచ్చినప్పుడు ఆ ఇంట్లోవాళ్ల మొహాలు మీరూ చూసే ఉంటారు. నేను చూశాను. ఆ మొహం తనదైన మనిషి తర్వాత వకీలయ్యారు. నాకు గుడిసె కన్నా ఇది పెద్ద సంగతిగా అనిపిస్తుంది.

ఇక సీనియర్. జాన్ టాడ్ స్టూవర్ట్ అని స్ప్రింగ్‌ఫీల్డ్ వకీలు, ఈయనతోపాటే శాసనసభ్యుడు. నువ్వు లా చదువు అని చెప్పి పుస్తకాలు అరువిచ్చింది ఆయనే. న్యూ సేలం నుంచి స్ప్రింగ్‌ఫీల్డ్ ఇరవై మైళ్లు. లింకన్ అంత దూరం వెళ్లి పుస్తకం తెచ్చుకొని, చదివి, తిరిగి ఇచ్చి, ఇంకోటి తెచ్చుకునేవారు. అప్పట్లో అక్కడ లా కాలేజీ అక్కర్లేదు. 1836 సెప్టెంబరులో లైసెన్సు వచ్చింది. 1837 ఏప్రిల్‌లో అరువు గుర్రం మీద స్ప్రింగ్‌ఫీల్డ్ చేరారు. ఒక కొట్టులో పరుపు, దుప్పట్ల ధర అడిగితే 17 డాలర్లన్నారు. అంత లేదు, క్రిస్మస్ దాకా అప్పు పెట్టమన్నారట. కొట్టు యజమాని జాషువా స్పీడ్ ఆ మొహం చూసి, పైన నా గది ఉంది, మంచం పెద్దదే, వచ్చి ఉండు అన్నారు. ఆ స్నేహం చివరిదాకా నిలిచింది.

స్టూవర్ట్ 1839లో వాషింగ్టన్‌లో కాంగ్రెస్‌కు వెళ్లిపోవడంతో ఆఫీసు పనంతా లింకన్ మీద పడింది. తప్పులు చేస్తూ నేర్చుకున్నారు. 1841లో స్టీఫెన్ లోగన్ దగ్గర చేరాక గానీ కేసు తయారు చేయడమంటే ఏమిటో తెలియలేదు. లోగన్ గట్టి మనిషి, ఎదుటి పక్షం ఏం చెప్తుందో ముందే ఆలోచించి రమ్మనేవాడు. 1844లో లింకన్ సొంత ఆఫీసు పెట్టి, తనకన్నా తొమ్మిదేళ్లు చిన్నవాడైన విలియం హెర్న్‌డన్‌ను భాగస్వామిగా తీసుకున్నారు. ఫీజు ఎంత వచ్చినా చెరి సగం. జూనియర్‌కు సగం! నేను జూనియర్‌గా ఉన్న మూడేళ్లలో బస్సు చార్జీలు కూడా మా నాన్నే ఇచ్చారు. అందుకే ఆ మాట చదివిన రోజు నాకింకా గుర్తుంది.

కోర్టులు ఎలా ఉండేవో చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. ఆయన తిరిగిన ఎనిమిదో సర్క్యూట్ ఒక దశలో 14 కౌంటీలు (మన జిల్లాల్లాంటివి), దాదాపు 11,000 చదరపు మైళ్లు. మన పాత అనంతపురం జిల్లాకు ఒకటిన్నర రెట్లు. ఒకే జడ్జి. ఆ జడ్జి కౌంటీ తర్వాత కౌంటీ తిరగాలి, వకీళ్లు ఆయన వెంట తిరగాలి. వసంతంలో ఒకసారి, ఆకురాలు కాలంలో ఒకసారి. కలిపి చూస్తే ఏడాదిలో కొన్ని నెలలు ఇంటికి దూరం. మొదట్లో రైలు లేదు. చాలా వాగులకు వంతెనలు లేవు. నల్లరేగడి బురదలో గుర్రం దిగబడేది. జడ్జి డేవిడ్ డేవిస్ మా బ్లూమింగ్టన్ మనిషే, మూడు వందల పౌన్ల భారీకాయం. బగ్గీలో తిరిగేవారు. రాత్రి సత్రంలో మంచానికి ఇద్దరేసి వకీళ్లు. పొద్దున కోర్టులో కొట్టుకున్నవాళ్లే రాత్రి ఒకే బల్ల మీద తినేవారు.

కోర్టు జరిగే వారం ఆ ఊరికి తిరునాళ్లే. పల్లెల నుంచి జనం బళ్లు కట్టుకొని వచ్చేవారు. కేసు ఉన్నా లేకపోయినా వచ్చి వినేవారు. సాయంత్రం కోర్టు లేచాక అదే చోట రాజకీయ ఉపన్యాసాలు. శాసనసభకు వెళ్లింది వకీలు కాకముందే అయినా, తర్వాతి రాజకీయాలకు బలం ఇక్కడే వచ్చింది. ఆయన ఓటర్లను ప్రచారంలో మాత్రమే కలవలేదు. ఏడాదికి రెండుసార్లు సాక్షులుగా, జ్యూరీగా, కక్షిదారులుగా కూడా కలిశారు. ఎవరి గట్టు ఎక్కడుందో, ఎవరికి ఎవరు బాకీయో తెలిసిన మనిషి.

వకీలుగా ఆయన చేసిన కేసులు ఐదు వేల పైనే. అందులో సగానికి మించి బాకీ వసూళ్లు. మళ్లీ చెప్తున్నాను, సగానికి మించి. నోట్లు, ఖాతా బాకీలు, తనఖాలు. ఆ రోజుల్లో అక్కడ నగదు దొరకడమే కష్టం, నోటే చేతులు మారుతూ డబ్బులా తిరిగేది. సర్క్యూట్‌లో మామూలు కేసుకు ఫీజు ఐదో పదో డాలర్లు. మిగిలినవి పంది పిల్ల పోయిందని, గుర్రం కుంటిదని తెలిసీ అమ్మాడని, ఫలానావాడు నా గురించి చెడుగా అన్నాడని. మీ కట్టలు చూసి బాధపడకండి. ఆయనవీ అవే కట్టలు.

బ్లూమింగ్టన్ నుంచి కారులో గంటలోపు దూరంలో మౌంట్ పులాస్కీ, మెటమోరా అని రెండు చిన్న ఊళ్లున్నాయి. ఆయన వాదించిన కోర్టు భవనాలు ఆ రెండు చోట్లా ఇంకా నిలబడి ఉన్నాయి. మౌంట్ పులాస్కీ హాల్లో నేను ఒక్కదాన్నే కాసేపు కూర్చున్నాను. చిన్న ఇటుక మేడ, చెక్క బల్లలు. మన తాలూకా కోర్టు కన్నా పెద్దదేం కాదు.

జవాబు: అనంత_ప్లీడరు (విశ్రాంత)

అమ్మా, చాలా బాగా రాశారు. కానీ ఒక సంగతి మీరు దాటేశారు. అదే చెప్పకపోతే ఆ కుర్రాడు శనివారం చిక్కుల్లో పడతాడు. 1847లో లింకన్ బానిసల యజమాని తరఫున వాదించారు. రాబర్ట్ మాట్సన్ అనే కెంటకీ మనిషి. బానిసత్వాన్ని రద్దు చేసినాయన అని మనం దండలు వేసే మనిషి, ఒక తల్లినీ పిల్లల్నీ తిరిగి బానిసత్వంలోకి పంపమని కోర్టును అడిగాడు. నలభై ఏళ్లు ప్రాక్టీసు చేశాను. ఎవరు ముందొస్తే వాళ్ల వకాలతు పుచ్చుకోవడం మన వృత్తి ధర్మమే అంటారు. ఈ కేసు దగ్గర మాత్రం నా మనసు ఒప్పుకోదు. మీరేమంటారు?

జవాబు: తణుకు_వకీలు

అయ్యా, దాటేయలేదు, విడిగా రాద్దామనుకున్నాను. మీరు అడిగారు కాబట్టి ఇప్పుడే చెప్తాను.

మాట్సన్‌కు ఇల్లినాయ్‌లోని కోల్స్ కౌంటీలో పొలం ఉండేది. కెంటకీ నుంచి బానిసల్ని పంట పనులకు తెచ్చి, తర్వాత వెనక్కి పంపేవాడు. ఆంథొనీ బ్రయంట్ అనే ఆయన స్వేచ్ఛ పొందిన మనిషి, ఆ పొలం మీద పెద్ద పాలేరు లాంటివాడు. ఆయన మాత్రం ఇక్కడే ఉండేవాడు. భార్య జేన్, పిల్లలు బానిసలే. తమను వెనక్కి పంపేస్తారని తెలిసి జేన్ పిల్లల్ని తీసుకొని పారిపోయింది. దగ్గరి ఊళ్లో బానిసత్వానికి వ్యతిరేకులు ఇద్దరు ఆశ్రయమిచ్చారు. మాట్సన్ కోర్టుకెక్కాడు. తల్లీపిల్లల్ని జైల్లో పెట్టారు. అక్టోబరులో చార్ల్స్‌టన్‌లో విచారణ జరిగింది. లింకన్ వాదన ఏమిటంటే, వీళ్లు ఇక్కడ స్థిరపడలేదు, కొంతకాలం పనికి వచ్చి వెళ్లేవాళ్లు మాత్రమే, కాబట్టి ఇల్లినాయ్ చట్టం వీళ్లకు స్వేచ్ఛ ఇవ్వదు అని. ఓడిపోయారు. కోర్టు జేన్‌నూ పిల్లల్నీ విడిచిపెట్టింది. ఆ కుటుంబం తర్వాత లైబీరియా వెళ్లిపోయింది.

ఓడిపోవడం ఆయన అదృష్టమని నేను అనుకుంటాను. దీనికి సాకులు వెతికేవాళ్లు ఉన్నారు. మనసు పెట్టి వాదించలేదు అంటారు. నేను అనను. వకాలతు తీసుకున్నాడు, వాదించాడు, అది తప్పు. ఎందుకు అంత గట్టిగా చెప్తున్నానంటే, ఆయనకు విషయం తెలియక కాదు. పదేళ్ల ముందు, 1837 జనవరిలో, ఇల్లినాయ్ శాసనసభలో బానిసత్వానికి అనుకూలంగా 77 మంది ఓటేసి తీర్మానం చేస్తే వ్యతిరేకించింది ఆరుగురే. అందులో ఈయన ఒకరు. మార్చి 3న డాన్ స్టోన్ అనే సహసభ్యుడితో కలిసి, బానిసత్వం అన్యాయం మీదా చెడ్డ విధానం మీదా నిలబడిందని రాతపూర్వకంగా నిరసన నమోదు చేయించారు. వయసు 28. పదేళ్ల తర్వాత అదే మనిషి మాట్సన్ బల్ల వైపు కూర్చున్నారు. అక్కడికి రెండు నెలల్లో కాంగ్రెస్ సభ్యుడిగా వాషింగ్టన్‌లో కూర్చున్నారు. ఈ మూడూ ఒకే మనిషివి. మూడూ చెప్పాలి.

పల్నాడు బాబూ, ఇప్పుడు మీకు కావలసిన కేసు చెప్తాను. ఇది నోటు దావా.

బెయిలీ వర్సెస్ క్రామ్‌వెల్, 1841, ఇల్లినాయ్ సుప్రీంకోర్టు. మా ఊరికి పడమరగా టేజ్‌వెల్ కౌంటీలో క్రామ్‌వెల్ అనే ఆయన నాన్స్ అనే నల్లజాతి యువతిని బెయిలీకి అమ్మాడు. బెయిలీ డబ్బుకు బదులు ప్రామిసరీ నోటు రాసిచ్చాడు. ఆమె బానిస అని రుజువు చేసే కాగితాలు తర్వాత ఇస్తానన్నాడు క్రామ్‌వెల్. ఇవ్వలేదు. చనిపోయాడు. ఆమె మాత్రం నేను స్వతంత్రురాలిని అని చెప్తూనే ఉంది, చివరకు వెళ్లిపోయింది. క్రామ్‌వెల్ ఆస్తి చూసేవాళ్లు నోటు మీద దావా వేశారు. కింది కోర్టులో బెయిలీ ఓడిపోయాడు. అప్పీలులో బెయిలీ వకీలు లింకన్.

ఎలా వాదించారో చూడండి. నోటు చెల్లాలంటే ప్రతిఫలం ఉండాలి, ఇది మీరు రోజూ రాసే మాటే. ఈ నోటుకు ప్రతిఫలం ఏమిటి? ఒక మనిషి. 1787 నాటి వాయవ్య భూభాగ శాసనం, ఆపై రాష్ట్ర రాజ్యాంగం ఇక్కడ బానిసత్వం వద్దన్నాయి. కాబట్టి ఆ మనిషి స్వతంత్రురాలు. స్వతంత్రురాలిని అమ్మడానికి వీల్లేదు. అమ్మకమే చెల్లనప్పుడు ప్రతిఫలం లేదు, నోటు కాగితం ముక్క. కోర్టు ఒప్పుకుంది. ఇల్లినాయ్‌లో నల్లజాతి మనిషిని, బానిస అని రుజువయ్యే దాకా, స్వతంత్రురాలిగానే భావించాలని తీర్పు ఇచ్చింది.

కక్షిదారు నాన్స్ కాదు, బెయిలీ. ఆయనకు కావలసింది డబ్బు కట్టకుండా తప్పించుకోవడం. అయినా ఆ నోటు కట్టలోంచే ఆమె స్వేచ్ఛకు సుప్రీంకోర్టు ముద్ర పడింది. నేనైతే శనివారం దీనితోనే మొదలుపెడతాను.

పల్నాడు_జూనియర్

మేడం, రెండుసార్లు చదివాను. ప్రతిఫలం లేదు అనే మాట నిన్ననే ఒక రిటన్ స్టేట్‌మెంటులో రాశాను, ఎవరో చెప్తే రాసినట్టు రాశాను. ఇప్పుడు అదే మాట వేరేలా కనిపిస్తోంది.

ఇంకో రెండు ప్రశ్నలు. ఐదు పది డాలర్ల ఫీజుతోనే బతికారా? శాసనసభలో ఏం చేశారు? ప్లీడరు గారూ, మీరూ చెప్పండి.

జవాబు: అనంత_ప్లీడరు (విశ్రాంత)

ఫీజు సంగతి నేను చెప్తాను. ఇల్లినాయ్ సెంట్రల్ రైల్వే కేసు. ఆ రైలు కంపెనీ రాష్ట్రానికి తన ఆదాయంలో వంతు కట్టాలి, బదులుగా పన్ను మినహాయింపు, ఇదీ చార్టరు. మెక్లీన్ కౌంటీ మాత్రం మాకూ పన్ను కట్టాల్సిందే అంది. కౌంటీ నెగ్గితే దారి పొడుగునా ప్రతి కౌంటీ పన్ను వేస్తుంది, కంపెనీ మునుగుతుంది. లింకన్ ముందు కౌంటీల వైపు వాళ్లకే ఉత్తరం రాశారు, మీకు నేను కావాలా వద్దా తేల్చండి అని. వాళ్లు తేల్చకపోతే కంపెనీ వైపు వెళ్లారు. సుప్రీంకోర్టులో రెండుసార్లు వాదించి 1856లో గెలిపించారు. ఫీజు అడిగితే కంపెనీ మొండికేసింది. అప్పుడాయన తన కక్షిదారు మీదే 5,000 డాలర్లకు దావా వేశారు. ఆ ఫీజు సబబే అని రాష్ట్రంలోని పేరున్న వకీళ్లు ఆరుగురు రాసిచ్చారు. 1857 జూన్‌లో డిక్రీ వచ్చింది. తర్వాత కూడా ఆ కంపెనీ కేసులు చేస్తూనే ఉన్నారు. ఇక్కడ నాకు నచ్చేది ఆయన లెక్క. బీదవాడి దగ్గర ఐదు డాలర్లు, రైలు కంపెనీ దగ్గర ఐదు వేలు.

మన దగ్గర కూడా ఈ దారి ఉంది బాబూ. టంగుటూరి ప్రకాశం గారు రాజమండ్రిలో సెకండ్ గ్రేడ్ ప్లీడరుగా మొదలుపెట్టి, అక్కడే మునిసిపల్ రాజకీయాల్లోకి దిగారు. బారిస్టరయ్యాక మద్రాసులో ప్రాక్టీసు బాగా నడుస్తుండగా వదిలేశారు. లింకన్ వదల్లేదు. అధ్యక్షుడయ్యేదాకా కోర్టుకు వెళ్తూనే ఉన్నారు.

జవాబు: తణుకు_వకీలు

డిక్రీ వచ్చింది మా ఊరి కోర్టులోనే, ప్లీడరు గారూ. పన్ను వేసిన మెక్లీన్ కౌంటీ ఇదే. ఆ చౌరస్తా మీదుగానే మా పిల్లాణ్ణి ఈతకు తీసుకెళ్తాను.

శాసనసభ గురించి. మొదటి టర్ములో పెద్దగా ఏమీ లేదు. ఒకాయనకు సాల్ట్ క్రీక్ వాగు మీద టోల్ వంతెన కట్టుకోవడానికి అనుమతి ఇచ్చే బిల్లు లాంటివి. కానీ బిల్లు రాయడం అక్కడే నేర్చుకున్నారు. రెండో టర్ములో ఆయన జిల్లా సాంగమన్ నుంచి తొమ్మిది మంది, అందరూ ఆరడుగుల మనుషులు. పొడుగు తొమ్మండుగురు అని పేరు పడింది. వాండాలియా నుంచి రాజధానిని స్ప్రింగ్‌ఫీల్డ్‌కు మార్పించింది వీళ్లే. అదే సభ కాలువలకు, రైలు దారులకు కోటి డాలర్లకు పైగా అప్పుకు ఒప్పుకుంది. లింకన్ దానికి గట్టి మద్దతుదారు. అదే ఏడాది, 1837లో, బ్యాంకులు కూలాయి. పనులు సగంలో ఆగాయి, రాష్ట్రం చాలా ఏళ్లు ఆ అప్పులో మునిగింది. సొంత కొట్టు బాకీతో అంత పాఠం నేర్చుకున్న మనిషి, రాష్ట్రాన్ని అప్పులోకి దింపేటప్పుడు ఎందుకు ఆలోచించలేదో అని నాకు బాధగా ఉంటుంది.

కాంగ్రెస్‌లో ఒకటే టర్ము, 1847 నుంచి 1849. మెక్సికోతో యుద్ధం జరుగుతోంది. అమెరికా రక్తం అమెరికా నేల మీద చిందింది కాబట్టి యుద్ధం అన్నారు అధ్యక్షుడు పోల్క్. లింకన్ లేచి, ఆ చోటు ఏదో చూపించండి, అది అప్పుడు ఎవరి చేతిలో ఉందో చెప్పండి అని తీర్మానాలు పెట్టారు. నాకిది ఎప్పుడు చదివినా గట్టు తగాదాలో సాక్షిని చేసే క్రాస్ ఎగ్జామినేషన్ లాగే వినిపిస్తుంది. సర్వే నంబరు చెప్పు, హద్దులు చెప్పు, స్వాధీనం ఎవరిది చెప్పు. ఇంటి దగ్గర జనానికి నచ్చలేదు, యుద్ధం అంటే అందరూ ఊగిపోతున్న రోజులు. పేరు పెట్టి ఎగతాళి చేశారు. తిరిగొచ్చి ఐదేళ్లు మళ్లీ గుర్రమెక్కి సర్క్యూట్ తిరిగారు. 1854లో కొత్త భూభాగాల్లోకి బానిసత్వానికి తలుపు తెరిచే కాన్సస్-నెబ్రాస్కా చట్టం వచ్చాక గానీ మళ్లీ రాజకీయాల్లోకి పూర్తిగా దిగలేదు. 1860లో షికాగోలో పార్టీ నామినేషన్ తెచ్చిపెట్టింది ఎవరనుకున్నారు? మా ఊరి జడ్జి డేవిస్, సర్క్యూట్‌లో ఒకే మంచం మీద పడుకున్న ఆ వకీళ్లు.

చివరగా మీకోసం ఒకటి. 1855 నవంబరులో ఒక కుర్రాడు మీ దగ్గర లా నేర్చుకుంటానని ఉత్తరం రాశాడు. లింకన్ జవాబిచ్చారు. నేను ఇంటి దగ్గర ఉండేది తక్కువ, నా దగ్గర చేరి లాభం లేదు. నేనూ ఎవరి దగ్గరా చదవలేదు. పుస్తకాలు తెచ్చుకో, ముఖ్యమైన సంగతులు అర్థమయ్యేదాకా చదువు. పెద్ద ఊళ్లో ఉండక్కర్లేదు, నేను చదివిన న్యూ సేలంలో ఎప్పుడూ మూడు వందల మంది కూడా లేరు. ఇదీ అందులో ఉన్న మాట. ఆ టీచరు ఉత్తరం బదులు ఇది చదవండి. ఇది నిజంగా ఆయన రాసింది.

ఆయన కేసుల కాగితాలు స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టారు. నాన్స్ కేసు దొరుకుతుంది, పేరు బెయిలీ వర్సెస్ క్రామ్‌వెల్. మామూలు నోటు దావా ప్లీడింగులు కూడా ఒకటి రెండు తెరిచి చూడండి, ఆయన సొంత దస్తూరీలో ఉన్నవి. చదవడానికి ఇబ్బంది ఉండదు, దస్తూరీ చక్కగా ఉంటుంది. శనివారం ఎలా జరిగిందో ఇక్కడే రాయండి, నేను చూస్తాను.

పల్నాడు_జూనియర్

రాస్తాను మేడం. ఒక ప్లెయింటు తెరిచాను ఇప్పుడే. తేదీ, మొత్తం, నోటు ఎక్కడ రాశారు, ఎప్పుడు కట్టాలి, అడిగినా కట్టలేదు. మా సీనియర్ గారి డ్రాఫ్టులో ఉండే వరస ఇదే. ప్రింటు తీసి శనివారం ముందు వరసలో కూర్చునేవాళ్ల చేతికిస్తాను.